పెడల్ దగ్గర లక్షణం, చక్రం దగ్గర లోపం

హైదరాబాద్ నుంచి బయలుదేరిన 163వ జాతీయ రహదారి జనగామ దాటి, కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ కలిసిపోయిన నగరాన్ని తాకి, ములుగు, పస్రా, ఏటూరునాగారం అడవుల గుండా ఛత్తీస్‌గఢ్ చేరుతుంది. ఈ ఒక్క దారిలోనే కారు బ్రేకుకు పడే పని మూడు తీరులుగా మారుతుంది. జనగామ వైపు వెడల్పాటి రోడ్డు మీద వంద కిలోమీటర్ల వేగాన్ని అప్పుడప్పుడైనా ఒక్కసారిగా అణచవలసి వస్తుంది. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి బస్తాలు తరలే రోజుల్లో నగరం లోపల ట్రాక్టర్లు, ఆటోల నడుమ నిమిషానికి పలుమార్లు పెడల్ తొక్కవలసి వస్తుంది. రెండేళ్లకోసారి జరిగే మేడారం జాతరకు వెళ్లే బారులో గంటల తరబడి అడుగు కదలడం, అడుగు ఆగడం తప్ప వేరే ప్రయాణమే ఉండదు. ఇన్ని రకాల శ్రమకు లోనైన బండి మెకానిక్ షెడ్డుకు చేరినప్పుడు యజమాని చెప్పే ఫిర్యాదు మాత్రం దాదాపు ఎప్పుడూ ఒక్కటే: బ్రేకులు సరిగ్గా పట్టడం లేదు. దానికి దొరికే చికిత్స కూడా తరచుగా ఒక్కటే, కొత్త ప్యాడ్లు వేయడం. బ్రేకు వ్యవస్థలో లక్షణం బయటపడే చోటు, లోపం పుట్టిన చోటు చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి కాబట్టి, ఆ చికిత్స కొన్నిసార్లు రోగానికి తగులుతుంది, కొన్నిసార్లు దాన్ని మరికొన్ని నెలలు దాచిపెడుతుంది.

బ్రేకు చేసే పని ఏమిటో లెక్క కట్టి చూస్తే ఈ తేడా ఎందుకు వస్తుందో అర్థమవుతుంది. కదిలే వస్తువులో వేగం వల్ల నిలువ ఉండే శక్తిని గతిజశక్తి అంటారు. అది బరువుతో సమంగానూ, వేగపు వర్గంతోనూ పెరుగుతుంది. మనుషులతో కలిపి 1,400 కిలోలున్న కారు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దానిలో సుమారు 3.5 లక్షల జౌళ్ల శక్తి ఉంటుంది. ఆ శక్తి మాయమైపోదు. ఆగే లోపు దాదాపు అంతా వేడిగా మారవలసిందే. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది కనుక ఆ వేడిలో మూడింట రెండు వంతుల వరకు ముందు చక్రాల మీదే పడుతుంది. ఒక్కొక్క ముందు డిస్క్ ఆరు కిలోల పోత ఇనుముతో చేసినదనుకుంటే, 80 కిలోమీటర్ల వేగం నుంచి ఒక్కసారి గట్టిగా ఆపగానే ఆ డిస్క్ వేడి సుమారు 40 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారే వ్యవధి ఇవ్వకుండా అయిదారుసార్లు ఆపితే వేడి రెండు వందల డిగ్రీలు దాటడం మామూలే. అంటే బ్రేకు ఒక విధంగా వేడిని పుట్టించి గాలిలోకి వదిలే యంత్రం. పాదం నుంచి బలాన్ని చక్రానికి చేర్చడం, అక్కడ ఘర్షణ పుట్టించడం, పుట్టిన వేడిని వదిలించుకోవడం అనే మూడు పనుల్లో ఎక్కడ తేడా వచ్చినా డ్రైవరుకు తెలిసేది మాత్రం పాదం కిందా, చెవికీ, ముక్కుకూ, స్టీరింగ్ పట్టుకున్న చేతికీ.

పాదానికి తెలిసే సంగతులే అన్నిటికన్నా విలువైనవి. పెడల్ ఒక తులాదండం; డ్రైవరు 20 కిలోల బలంతో తొక్కితే దాని పొడవు వల్ల అది నాలుగింతలై 80 కిలోలవుతుంది. ఇంజన్ పీల్చుకునే గాలి వల్ల ఏర్పడే శూన్యంతో పనిచేసే బూస్టర్ అనే గుండ్రటి డబ్బా దాన్ని మరో మూడింతలు చేసిందనుకుంటే 240 కిలోలు. ఆ బలం 20 మిల్లీమీటర్ల వ్యాసమున్న మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను నెడుతుంది. పిస్టన్ ముందున్న బ్రేక్ ఆయిల్‌లో పీడనం పుడుతుంది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ తగ్గకుండా ప్రసరిస్తుందని పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ వివరించిన సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. చక్రం దగ్గరున్న క్యాలిపర్‌లో, అంటే డిస్క్‌ను రెండు వైపులా పట్టుకుని ఉండే ఇనుప పట్టులో, పిస్టన్ వ్యాసం 54 మిల్లీమీటర్లయితే దాని వైశాల్యం మాస్టర్ సిలిండర్ కన్నా ఏడింతలకు పైగా ఉంటుంది కాబట్టి, ప్యాడ్ మీద పడే బలం 1,750 కిలోల దాకా చేరుతుంది. ఈ అంకెలు బండిని బట్టి మారతాయి. వరుస మాత్రం మారదు. ఈ పద్ధతిని నాలుగు చక్రాలకూ అమర్చిన తొలి ప్రయాణికుల కార్లలో 1921 నాటి అమెరికన్ డ్యూసెన్‌బర్గ్ ఒకటి. అంతకుముందు కడ్డీలతో, తీగలతో లాగే బ్రేకులు ఒక్కో చక్రం మీద ఒక్కో బలంతో పట్టేవి.

బలం ఇన్నింతలు కావడానికి చెల్లించే మూల్యం దూరం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ మొత్తం మూడు సెంటీమీటర్లు కదిలితే అది పైపుల్లోకి తోసే ఆయిల్ పది మిల్లీలీటర్లు కూడా ఉండదు. ఆ కొద్దిపాటి ఆయిల్‌తోనే అన్ని పిస్టన్లూ కదలాలి. ద్రవం నొక్కితే కుదించుకుపోదు కనుక ఇది సాధ్యమవుతోంది. గాలి మాత్రం కుదించుకుపోతుంది. పైపులో ఎక్కడైనా రెండు మూడు మిల్లీలీటర్ల గాలి చేరితే, పెడల్ నడకలో పెద్ద భాగం ఆ గాలిని నలపడానికే ఖర్చవుతుంది. అలాంటప్పుడు పెడల్ స్పాంజిలా మెత్తగా తగులుతుంది, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే కొంత పైకి వచ్చి గట్టిపడుతుంది. మెకానిక్‌లు 'ఎయిర్ తీయడం' అనే పని, అంటే చక్రం దగ్గరి చిన్న నిపిల్ వదులు చేసి బుడగలు పోయేదాకా ఆయిల్‌ను బయటకు వదలడం, ఈ ఒక్క లోపానికి సరైన చికిత్స. అయితే మూసి ఉన్న వ్యవస్థలోకి గాలి దానంతటదే రాదు. ఎక్కడో సీలు పాడయి ఉండాలి, లేదా అంతకుముందు ఎవరో పైపు విప్పి ఉండాలి. ఆ దారి వెతకకుండా ఎయిర్ తీసి పంపిస్తే కొన్ని వారాల్లో బండి మళ్లీ అదే ఫిర్యాదుతో తిరిగి వస్తుంది.

మెత్తదనం వేరు, జారడం వేరు. ఇంజన్ నడుస్తుండగా, బండి ఆగి ఉన్నప్పుడు పెడల్‌ను ఒకే బలంతో అరనిమిషం పాటు తొక్కి పట్టుకుంటే అది ఒక ఎత్తులో నిలబడాలి. మెల్లమెల్లగా నేల వైపు దిగిపోతూ ఉంటే, చక్రాల దగ్గరా పైపుల వెంటా ఎక్కడా తడి కనిపించకపోతే, ఆయిల్ బయటకు కారడం లేదు. మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పులు అరిగి, ఆయిల్ పిస్టన్ పక్క నుంచి వెనక్కు జారిపోతోంది. ఇది మోసకారి లోపం: గట్టిగా, వేగంగా తొక్కినప్పుడు ఆ కప్పు గోడకు అతుక్కుని బ్రేకు బాగానే పడుతుంది, కూడలిలో సున్నితంగా తొక్కి పట్టుకున్నప్పుడు మాత్రమే కాలు కిందికి పోతుంది. అందువల్ల 'ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి పడదు' అనే యజమాని మాటను అనుమానంగా చూడడం కన్నా ఈ అరనిమిషం పరీక్ష చేయడం మేలు.

దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి పెడల్ రాయిలా బిగుసుకోవడం. అప్పుడు అనుమానించవలసింది బూస్టర్‌ను. ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి లోపల మిగిలిన శూన్యాన్ని ఖర్చు చేసి, పెడల్ మీద కాలు ఉంచే ఇంజన్ స్టార్ట్ చేయాలి. బూస్టర్ బాగుంటే ఆ క్షణంలో పెడల్ కాలి కింద ఒక అంగుళం మేర దిగుతుంది. కదలకపోతే బూస్టర్ లోపలి పొర చిరిగి ఉండవచ్చు, లేదా దానికి వెళ్లే రబ్బరు గొట్టం పగిలి ఉండవచ్చు. డీజిల్ కార్లలోనైతే ఇంజన్ దానంతటది చాలినంత శూన్యాన్ని ఇవ్వదు కనుక అందుకోసం పెట్టిన వాక్యూమ్ పంపు పాడయి ఉండవచ్చు. బూస్టర్ పోయినంత మాత్రాన బ్రేకు పోదు. మూడింతలు బలంగా తొక్కవలసి వస్తుంది. దిగువకు వెళ్లేటప్పుడు పెట్రోలు ఆదా అవుతుందని ఇంజన్ ఆపేసి న్యూట్రల్‌లో బండి వదిలే అలవాటు ఎంత ప్రమాదకరమో ఈ ఒక్క అంశమే చెబుతుంది.

కాజీపేట జంక్షన్‌లో ఆగే రైలు బ్రేకు, దాని బయట నిలిచే కారు బ్రేకు, పీడనం పోయినప్పుడు ఏం జరుగుతుందన్న విషయంలో తలకిందులుగా ఉంటాయి. జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1872లో రూపొందించిన పద్ధతి ప్రకారం రైలులో గాలి పీడనం ఉన్నంతసేపూ బ్రేకులు వదులుగా ఉంటాయి; గొట్టం తెగినా, పెట్టెలు విడిపోయినా పీడనం పడిపోయి బ్రేకులు వాటంతటవే పడతాయి. నేటి పెద్ద బస్సులు, లారీల్లో కూడా గాలి పూర్తిగా పోతే బలమైన స్ప్రింగులు చక్రాలను పట్టేస్తాయి. కారులో మాత్రం పీడనమే బ్రేకు. పైపు తెగితే ఆ మేరకు బ్రేకు పోయినట్టే. ఈ బలహీనతకు విరుగుడుగానే మాస్టర్ సిలిండర్‌లో రెండు పిస్టన్లను ఒకదాని వెనుక ఒకటి పెట్టి, రెండు వేర్వేరు పైపు వరుసలను నడుపుతారు. చాలా చిన్న కార్లలో ఒక వరుస ముందు ఎడమ చక్రానికీ వెనుక కుడి చక్రానికీ, రెండోది మిగిలిన రెండింటికీ వెళ్తుంది. ఒక వరుస పోయినప్పుడు పెడల్ సగానికి పైగా దిగి, ఎర్ర దీపం వెలిగి, బండి ఆగడానికి రెట్టింపు దూరం పడుతుంది, కానీ ఆగుతుంది. వార్తల్లో కనిపించే 'బ్రేకులు ఫెయిలయ్యాయి' అనే మాట ఈ కారణంగానే ఒక్క క్షణంలో జరిగిన సంఘటనను కాక, చాలాకాలంగా సాగిన ఒక క్షీణతలో చివరి ఘట్టాన్ని సూచిస్తూ ఉంటుంది.

మే నెలలో ఎండ 45 డిగ్రీలకు చేరువయ్యే వరంగల్‌లో వేసవి ఎండకు బ్రేకులు పోతాయనే భయం ఎక్కువ. లెక్క ప్రకారం చూస్తే ఆ భయానికి పెద్దగా ఆధారం లేదు. రెండు వందల డిగ్రీలకు ఎక్కిన డిస్క్‌కు చుట్టూ ఉన్న గాలి 30 డిగ్రీలున్నా, 45 డిగ్రీలున్నా చల్లారే తీరులో వచ్చే తేడా స్వల్పం. అసలు హాని చేసేది వానాకాలం. అది కూడా ఎవరికీ కనబడకుండా. బ్రేక్ ఆయిల్ అని పిలుస్తున్నా అది నూనె కాదు. గ్లైకాల్ ఈథర్ జాతికి చెందిన రసాయన ద్రవం. ముసురు పట్టిన రోజుల్లో వంటింటి ఉప్పు చెమ్మగిల్లినట్టే ఈ ద్రవం కూడా గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకు మూత నుంచీ, రబ్బరు గొట్టాల గోడల గుండా కూడా ఆ తేమ సన్నగా చేరుతూనే ఉంటుంది. డాట్ 3 రకం ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వద్ద మరగాలి, 3.7 శాతం నీరు చేరిన స్థితిలో దాని కనీస ప్రమాణం 140 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ పూర్తిగా మార్చాలని తయారీదారులు సాధారణంగా చెప్పడానికి కారణం ఈ పతనమే. నగరంలో మెల్లగా తిరిగే బండికి ఈ నష్టం ఎన్నేళ్లయినా తెలియకపోవచ్చు, ఎందుకంటే అక్కడ ఆయిల్ నూట నలభై డిగ్రీలకు చేరే సందర్భమే రాదు.

ఆ సందర్భం వరంగల్‌కు దూరంగా, ఘాట్ రోడ్ల మీద వస్తుంది. నగరం చుట్టూ గుట్టలున్నా కిలోమీటర్ల కొద్దీ దిగే రోడ్లు లేవు. ఇక్కడి డ్రైవర్లకు అలాంటి దారి శ్రీశైలంలోనో, మారేడుమిల్లిలోనో, తిరుమలలోనో ఎదురవుతుంది. తిరుమల కొండ మీది నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్ల ఎత్తు దిగాలి. 1,400 కిలోల కారు ఆ ఎత్తు దిగేటప్పుడు వదులుకోవలసిన స్థితిజశక్తి, అంటే ఎత్తులో ఉండడం వల్ల నిలువైన శక్తి, 96 లక్షల జౌళ్లు; 80 కిలోమీటర్ల వేగం నుంచి 28 సార్లు పూర్తిగా ఆపడంతో సమానం, లేదా 33 లీటర్ల నీటిని మరిగే స్థితికి తేవడంతో సమానం. కింది గేరులో దిగితే అందులో పెద్ద భాగాన్ని ఇంజన్ తన మీద వేసుకుంటుంది. పై గేరులో, కాలు పెడల్ మీదే ఉంచి దిగితే ఆ వేడంతా డిస్క్‌లకూ, ప్యాడ్ల గుండా పిస్టన్లకూ, పిస్టన్ వెనుకున్న ఆయిల్‌కూ చేరుతుంది. తేమ పీల్చిన ఆయిల్ అక్కడ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి; ఆవిరి కూడా గాలిలాగే నలిగిపోతుంది కనుక పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోతుంది. అరగంట ఆగితే ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ యథాస్థితికి వస్తుంది. వరంగల్ తిరిగి వచ్చాక మెకానిక్ ఎంత చూసినా కారడం, అరగడం, వదులు కావడం ఏదీ కనబడదు; ఏ లోపమూ లేదని బండి ఇచ్చేస్తాడు. రంగును బట్టి ఆయిల్ తీరును నిర్ణయించడం నమ్మదగినది కాదు. నల్లబడని ఆయిల్‌లోనూ తేమ ఉండవచ్చు. మరిగే ఉష్ణోగ్రతను కొలిచే పరికరమో, కనీసం ఎప్పుడు మార్చారో చెప్పే సర్వీసు చీటీయో సరైన సాక్ష్యం.

ఘాట్‌లోనే కనిపించే మరో లోపాన్ని దీనితో కలిపి చూస్తే పొరబాటు జరుగుతుంది. ప్యాడ్ మితిమీరి వేడెక్కినప్పుడు దానిలోని జిగురు పదార్థాలు ఆవిరై, ప్యాడ్‌కూ డిస్క్‌కూ మధ్య ఘర్షణ పడిపోతుంది. ఘర్షణ గుణకం, అంటే ఒత్తే బలంలో ఎన్నో వంతు పట్టుగా మారుతుందో చెప్పే సంఖ్య, మామూలుగా 0.35 నుంచి 0.45 మధ్య ఉంటుంది. వేడికి అది బాగా తగ్గవచ్చు. ఈ స్థితిలో పెడల్ గట్టిగానే, ఎత్తులోనే ఉంటుంది, బండి మాత్రం ఆగదు, కాలిన వాసన వస్తుంది. పెడల్ మెత్తబడి ఆగకపోతే లోపం ద్రవంలో. పెడల్ గట్టిగా ఉండి ఆగకపోతే లోపం ఘర్షణలో. ఘాట్ అనుభవం చెప్పే డ్రైవరును మెకానిక్ అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే, ఎందుకంటే ఒకదానికి కొత్త ఆయిల్, మరొకదానికి కొత్త ప్యాడ్లు అవసరం. వేడెక్కిన చక్రాల మీద నీళ్లు కుమ్మరించడం రెండింటికీ మందు కాదు. పోత ఇనుము పగుళ్లు పట్టే ప్రమాదం మాత్రం ఉంది.

బానెట్ కింద ఉండే చిన్న బ్రేక్ ఆయిల్ ట్యాంకు మరొక సాక్షి, దాన్ని తప్పుగా చదివేవారే ఎక్కువ. ప్యాడ్ అరిగే కొద్దీ క్యాలిపర్ పిస్టన్ ఆ మేరకు ముందుకు వచ్చి నిలుస్తుంది. దాని వెనుక ఖాళీని ట్యాంకులోని ఆయిల్ నింపుతుంది. రెండు వైపుల ప్యాడ్లూ ఏడేసి మిల్లీమీటర్లు అరిగితే, పైన చెప్పిన కొలతల ప్రకారం రెండు ముందు చక్రాల్లోకి కలిపి 60 మిల్లీలీటర్లకు పైగా ఆయిల్ దిగిపోతుంది. అంటే ఎక్కడా కారకుండానే మట్టం కనిష్ఠ గీతకు చేరుతుంది. ఆ సమయంలో పై నుంచి ఆయిల్ పోసి గీత సరిచేయడమంటే ప్యాడ్లు అరిగాయన్న సమాచారాన్ని చెరిపేయడమే. మట్టం మెల్లగా, నెలల మీద తగ్గితే ప్యాడ్లు చూడాలి; రోజుల్లో తగ్గితే కారుతున్న చోటు వెతకాలి, ముఖ్యంగా వెనుక డ్రమ్ముల లోపలి వీల్ సిలిండర్ల దగ్గర. కొత్త ప్యాడ్ మీద ఘర్షణ పదార్థం పది, పన్నెండు మిల్లీమీటర్లుంటుంది. అది మూడుకు చేరితే మార్చడమే మంచిది. పొరబాటున ఇంజన్ ఆయిల్ పోస్తే మాత్రం వ్యవస్థలోని రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి. అప్పుడు ఒక్క ట్యాంకు కడిగితే సరిపోదు.

చెవికి వినబడే సాక్ష్యం మరింత జాగ్రత్తగా తూచవలసినది. ప్యాడ్ చివర అమర్చిన చిన్న ఉక్కు రేకు, పదార్థం అరిగి పలచబడగానే డిస్క్‌కు తగిలి కీచుమంటుంది. అది తయారీదారు కావాలని పెట్టిన హెచ్చరిక. గరగరమని ఇనుము ఇనుమును గీరే మోత వస్తే పదార్థం పూర్తిగా అయిపోయి వెనుక పలక తగులుతోందని అర్థం. ఆ తరువాత ప్రతి కిలోమీటరూ డిస్క్‌ను తింటుంది. వాన రాత్రి బయట ఉంచిన బండి ఉదయం మొదటి రెండు మూడు బ్రేకులకు గీరినట్టు వినిపించి ఆగిపోతే అది డిస్క్ మీద పట్టిన పలచటి తుప్పు, పట్టించుకోనవసరం లేదు. గ్రానైట్ క్వారీల చుట్టూ, మొరం పోసిన రోడ్ల మీద తిరిగే బండ్లలో సన్నని గట్టి రేణువులు ప్యాడ్‌లో దిగబడి డిస్క్ మీద వలయాలుగా గీతలు గీస్తాయి. ఇవేవీ లేకుండానే, ప్యాడ్లు కొత్తవైనా సన్నగా కూసే బ్రేకులుంటాయి; ఒత్తిన ప్యాడ్ సెకనుకు వేలసార్లు కంపించి, ఆ కంపనం క్యాలిపర్ సహజ కంపనంతో కలిసినప్పుడు పుట్టే అనునాదం అది. చెవికి విసుగే గాని ఆగే శక్తికి లోటు కాదు. ప్యాడ్ వెనుక సన్నని రేకు పెట్టడం, జారుడు పిన్నులకు తగిన గ్రీజు రాయడం దీన్ని చాలావరకు తగ్గిస్తాయి.

ప్యాడ్ ఒకే పదార్థం కాదు. జిగురు, నార, లోహపు పొడి, గ్రాఫైట్, నింపుడు ఖనిజాలు కలిపి వేడి మీద ఒత్తి తయారు చేసే ఆ మిశ్రమంలో బేరియం సల్ఫేట్ ఒక ముఖ్య భాగం. అదే తెలుగువారు ముగ్గురాయి అని పిలిచే ఖనిజం. కడప ప్రాంతంలోని మంగంపేట దాని ప్రపంచ స్థాయి నిక్షేపాల్లో ఒకటి. అక్కడి రాయిలో ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోయినా, వేడికి తట్టుకుని రసాయనికంగా చలించని ఆ గుణమే దానికి బ్రేకులోనూ చోటిచ్చింది. అదే కడప ప్రాంతంలోని పులివెందుల వైపు ఒకప్పుడు తవ్విన రాతినార, అంటే ఆస్బెస్టాస్, ఇరవయ్యో శతాబ్దంలో ప్రపంచమంతటా బ్రేకు లైనర్లకు ప్రధాన నారగా ఉండేది. దాని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే క్యాన్సర్ వస్తుందని తేలాక కొత్త ప్యాడ్లు చాలావరకు వేరే నారలకు మారాయి. అయినా పాత, చవక లైనర్లలో ఏముందో పైకి తెలియదు కనుక, డ్రమ్ము విప్పగానే గాలి పైపుతో దుమ్ము ఎగరగొట్టే పద్ధతిని మానుకుని తడి గుడ్డతో తుడవడం మెకానిక్‌కే మేలు.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణికితే 'డిస్క్ వంగింది' అనడం పరిపాటి. నిజానికి వంగడం చాలా అరుదు. ప్యాడ్ పదార్థం డిస్క్ మీద ఎగుడుదిగుడుగా అతుక్కోవడం వల్లనో, కొంత భాగం ఎక్కువ అరగడం వల్లనో డిస్క్ మందంలో పదిహేను, ఇరవై మైక్రాన్ల తేడా వచ్చినా చాలు, అంటే తల వెంట్రుక మందంలో నాలుగో వంతు, ప్రతి చుట్టుకూ ఒకసారి ప్యాడ్ వెనక్కు తోయబడి ఆ కదలిక ఆయిల్ గుండా పెడల్‌కూ, ఇరుసు గుండా స్టీరింగ్‌కూ చేరుతుంది. బాగా వేడెక్కిన బండిని కూడలిలో పెడల్ తొక్కి పట్టుకుని చాలాసేపు నిలిపితే ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడడం దీనికొక కారణం. హబ్ మీద తుప్పు తుడవకుండా డిస్క్ బిగించడం మరొకటి. లేత్ మీద పట్టించి చదును చేయవచ్చు గాని, డిస్క్ అంచున పోత పోసి ఉన్న కనిష్ఠ మందానికి లోబడి మాత్రమే. పలచబడ్డ డిస్క్ వేడిని తక్కువగా దాచుకుంటుంది, కాబట్టి ఒక ఫిర్యాదు తీరి మరొకటి మొదలవుతుంది. స్టీరింగ్ వణికితే ముందు చక్రాలు, సీటు కింద వణికితే వెనుక డ్రమ్ములు అనుమానితాలు. బ్రేకు వేయకపోయినా వణుకు ఉంటే అది బ్రేకు వ్యవహారమే కాదు. టైరు, వీల్ బ్యాలెన్స్, బేరింగుల వైపు చూడాలి.

బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగడంలో తరచుగా జరిగే పొరబాటు, లాగిన వైపునే లోపం వెతకడం. ఎడమకు లాగితే ఎడమ బ్రేకు బాగానే పట్టి, కుడిది పట్టడం లేదేమోనని కూడా చూడాలి: పిస్టన్ తుప్పు పట్టి బిగుసుకోవడం, జారుడు పిన్నులు ఎండిపోవడం, లైనర్ మీద ఆయిల్ పడడం అందుకు కారణాలు. టైర్లలో గాలి సమంగా ఉందో లేదో అన్నిటికన్నా ముందు చూడాలి, ఖర్చు లేని పరీక్ష కనుక. పాత బండ్లలో బయటికి బాగానే కనిపించే రబ్బరు హోస్ పైపు లోపలి పొర ఊడి కవాటంలా పనిచేస్తుంది. తొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు తిరిగి రాదు. ఆ చక్రం పట్టుకునే ఉంటుంది, మైలేజి పడిపోతుంది, పది కిలోమీటర్లు నడిపి ఆపాక నాలుగు చక్రాల దగ్గరా అరచేయి తాకించకుండా దగ్గరగా పెట్టి చూస్తే ఒకటి మిగిలిన వాటికన్నా స్పష్టంగా వేడిగా ఉంటుంది. జాకీ మీద లేపి ఆ చక్రం తిప్పినప్పుడు బిగుసుకుని, చక్రం దగ్గరి నిపిల్ వదులు చేయగానే ఆయిల్ చిమ్మి చక్రం స్వేచ్ఛగా తిరిగితే లోపం పైపుల్లో ఉంది. ఆయిల్ వదిలినా బిగుసుకునే ఉంటే క్యాలిపర్‌లోనే ఉంది. ఒక్క స్పానరు తిప్పడంతో ఇంత కచ్చితంగా లోపం చోటు తేల్చే పరీక్ష బ్రేకు వైద్యంలో మరొకటి లేదు.

2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ వరంగల్ నగరంలోని హంటర్ రోడ్డు, నయీంనగర్ పరిసరాలు నీట మునిగినప్పుడు ఎన్నో కార్లు చక్రాలు మునిగే నీటిలో నిలిచిపోయాయి. నీటిలోంచి వచ్చిన డిస్క్‌లు తిరుగుతూనే నీటిని విసిరేసుకుంటాయి. మూసి ఉన్న డ్రమ్ములు నీటిని, బురదను లోపలే ఉంచుకుంటాయి. నీటిని దాటిన వెంటనే మెల్లగా పోతూ పెడల్‌ను తేలిగ్గా కొన్నిసార్లు తొక్కితే ఆ వేడికి తడి ఆరుతుంది. మునిగి రోజుల తరబడి నిలిచిన బండికి అది చాలదు. డ్రమ్ములు విప్పి కడగాలి, బేరింగులు చూడాలి, బ్రేక్ ఆయిల్ మొత్తం మార్చాలి. వానాకాలంలో హ్యాండ్ బ్రేక్ లాగి వారం పాటు ఉంచిన బండిలో లైనర్ డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోయి, కదిలించినప్పుడు టక్కుమనే చప్పుడుతో విడిపోవడం కూడా ఇక్కడ తరచుగా వినిపించే ఫిర్యాదే. చదునైన చోట హ్యాండ్ బ్రేక్ బదులు గేరులో ఉంచి, చక్రం కింద రాయి పెడితే ఆ ఇబ్బంది రాదు.

కొత్త కార్లలో తప్పనిసరిగా వస్తున్న ఏబీఎస్ రోగనిర్ణయాన్ని కొంత తికమక చేసింది. చక్రం బిగుసుకుని జారబోతుంటే ఆ చక్రానికి వెళ్లే పీడనాన్ని సెకనుకు పలుమార్లు వదిలి పట్టే ఈ ఏర్పాటు పనిచేసేటప్పుడు పెడల్ కాలి కింద టకటక కొట్టుకుంటుంది. అది లోపం కాదు, భయపడి కాలు తీయడమే లోపం. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కినప్పుడు కొట్టుకుంటే ఏబీఎస్. పొడి రోడ్డు మీద సున్నితంగా తొక్కినా కొట్టుకుంటే డిస్క్ మందంలో తేడా. పసుపు దీపం వెలిగితే ఏబీఎస్ ఆగిపోయిందని, మామూలు బ్రేకు ఉందని అర్థం. చక్రం దగ్గరి వేగాన్ని కొలిచే సెన్సార్‌కు బురద పట్టడం, దాని తీగను ఎలుకలు కొరకడం దీనికి తరచుగా కనిపించే కారణాలు. ఎర్ర దీపం వెలిగితే హ్యాండ్ బ్రేక్ వదలలేదని, లేదా ఆయిల్ మట్టం పడిపోయిందని. హ్యాండ్ బ్రేక్ వదిలాక కూడా వెలుగుతుంటే బండిని అక్కడే ఆపడం తప్ప వేరే దారి లేదు.

ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్న కొద్దీ ఈ లక్షణాల పట్టికే మారుతోంది. వాటిలో యాక్సిలరేటర్ వదలగానే మోటారే జనరేటర్‌గా మారి, గతిజశక్తిలో చాలా భాగాన్ని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. ప్యాడ్లకు పని తగ్గి, మామూలు కారులో కన్నా అవి చాలా ఎక్కువ కాలం మన్నుతాయి. అయితే రోజూ రాపిడికి లోనైతేనే డిస్క్ ముఖం శుభ్రంగా ఉంటుంది. పని లేని డిస్క్ మీద వాన తుప్పు పేరుకుంటుంది, పిన్నులు కదలక ఎండిపోతాయి, ప్యాడ్ మందం నిండుగా ఉండగానే క్యాలిపర్ బిగుసుకుంటుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం బండి నడిచినా నడవకపోయినా తేమను పీలుస్తూనే ఉంటుంది. కాబట్టి అలాంటి బండి షెడ్డుకు వచ్చినప్పుడు ప్యాడ్ మందం కన్నా ముందు మెకానిక్ చూడవలసినవి జారుడు పిన్నులు, డిస్క్ ముఖం, ఆయిల్ మార్చిన తేదీ.